తలదెబ్బ తర్వాత తోబుట్టువు సాయం ఎక్కడ ఆగాలి?

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా తలదెబ్బ తగిలిన మనిషి డిశ్చార్జి అయ్యే రోజు దాదాపు ఒకేలా ఉంటుంది. బిల్లు రశీదు, స్కానింగ్ ఫిల్ములున్న పెద్ద కవరు, మందుల చీటీ, ఫిజియోథెరపీ చేయించమన్న ఒక ముక్క, మళ్లీ చూపించాల్సిన తేదీ. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు దుర్గమ్మకో గుణదల మాతకో మొక్కు తీర్చుకుంటారు. ఆ కాగితాల్లో లేని ప్రశ్నలు మర్నాటి నుంచి మొదలవుతాయి. ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలి? బండి తాళం అడిగితే ఇవ్వాలా? ఒక్కడే వెళ్లి క్షవరం చేయించుకుని వస్తానంటే పంపాలా? తల్లిదండ్రులు అప్పటికే పెద్దవాళ్లై ఉంటారు. భార్య ఉంటే ఆమె పిల్లలతో, ఆస్పత్రి అప్పులతో, భయంతో సతమతమవుతూ ఉంటుంది. అందుకే ఈ ప్రశ్నలు చివరికి ఒక అక్క దగ్గరకో తమ్ముడి దగ్గరకో వచ్చి ఆగుతాయి.

సాయం చాలక కోలుకోలేకపోవడం అందరికీ కనిపించే కష్టం. మొదటి నెలలో అవసరమైన సాయాన్నే రెండో ఏడు కూడా అదే మోతాదులో చేస్తూ పోవడం వల్ల మనిషి ఎక్కడికక్కడ ఆగిపోవడం ఎవరికీ కనిపించదు. పైగా ఊరంతా మెచ్చుకుంటుంది. ‘అలాంటి అక్క ఎవరికి దొరుకుతుంది’ అంటారు. ఆ మెచ్చుకోలు వెనక ముప్పై ఏళ్ల మనిషి తన చొక్కా తాను ఎంచుకోవడం మానేసి ఎన్నాళ్లయిందో ఎవరూ అడగరు.

అసలు లోపల ఏం చెడిందో తెలియకపోతే సాయం ఎక్కడ తగ్గించాలో తెలియదు. చూడటానికి వచ్చిన బంధువులు సాధారణంగా ఒక పరీక్ష పెడతారు: ‘నేనెవరో చెప్పు?’ అతను పేరు చెబుతాడు, పదేళ్ల కిందట తెనాలిలో జరిగిన పెళ్లిలో ఎవరు అలిగారో కూడా చెబుతాడు. ‘బ్రహ్మాండంగా ఉన్నాడు, మీరే అనవసరంగా బెంగ పెట్టుకుంటున్నారు’ అని తీర్పు ఇచ్చేసి కాఫీ తాగి వెళ్తారు. వాళ్లు పరీక్షించింది పాత జ్ఞాపకాన్ని. తలదెబ్బ ఎక్కువగా దెబ్బతీసేది కొత్త సంగతిని పట్టుకుని నిలుపుకునే శక్తిని. బంధువులు వెళ్లిన అరగంటకు ‘ఇందాక ఎవరొచ్చారు?’ అని అడిగితే అసలు పరిస్థితి తెలుస్తుంది.

బండి మీద నుంచి పడినప్పుడు తల నేలకు తగిలి ఆగిపోతుంది, లోపలి మెదడు ఇంకా కదులుతూనే ఉంటుంది. పుర్రె లోపలి అడుగుభాగం ముందువైపు గరుకుగా, ఎముక అంచులతో ఉంటుంది. అందువల్ల దెబ్బ తల వెనక తగిలినా గాయాలు నుదుటి వెనక ఉండే ఫ్రాంటల్ లోబ్‌లోనూ, కణతల దగ్గరుండే టెంపోరల్ లోబ్‌లోనూ ఎక్కువగా కనిపిస్తాయి. దీనికి తోడు మెదడు ఒక్కసారి మెలితిరిగినప్పుడు సన్నటి నరాల తీగలు సాగి తెగుతాయి. తొలి సీటీ స్కానులో ఇది పెద్దగా కనపడకపోవచ్చు. ‘స్కానింగ్ బాగానే ఉందన్నారు, మరి ఇలా ఎందుకున్నాడు’ అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. ఆస్పత్రిలో చేరిన రోజు చెప్పే జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) అంకె కూడా అంతే. 1974లో గ్లాస్గో వైద్యులు ప్రచురించిన ఈ కొలత 3 నుంచి 15 వరకు ఉంటుంది, 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రమైన గాయం. అది ఆనాటి స్పృహను కొలుస్తుంది. ఏడాది తర్వాత ఆ మనిషి కిరాణా లెక్క చూసుకోగలడా లేదా అన్నది ఆ ఒక్క అంకెతో తేలదు.

ఫ్రాంటల్ లోబ్ చేసే పని ఇంటి యజమానిలాంటిది. ఏ పని ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆపాలి, ఏ మాట పైకి అనకూడదు అన్నవి అది చూసుకుంటుంది. కాళ్లూ చేతులూ ఆడుతున్నా ఈ యజమాని లేచి రాకపోతే మనిషి ఉదయం పది గంటల వరకు మంచం అంచున కూర్చునే ఉంటాడు. స్నానానికి నీళ్లు సిద్ధం, తువ్వాలు భుజం మీద, అయినా లేవడు. ఇంట్లో దీనికి పెట్టే పేరు బద్ధకం. ‘లే నాన్నా’ అని ఒక్క మాట అంటే లేస్తాడు కాబట్టి కావాలనే చేస్తున్నాడనుకుంటారు. అతనికి దెబ్బతిన్నది సరిగ్గా ఆ మొదలుపెట్టే మీటే. ఇంకో పేరు మొండితనం. ‘నాకేమీ కాలేదు, రేపటి నుంచి పనికి వెళ్తాను’ అంటాడు. తన లోపాన్ని తాను గుర్తించలేకపోవడం కూడా గాయంలో భాగమే, వాదించి గెలవగలిగిన విషయం కాదు. పేరు తప్పు పెడితే మందు కూడా తప్పే అవుతుంది. బద్ధకానికి తిట్లు, మొండితనానికి గొడవ, రెండూ సాయంత్రానికి ఇల్లంతటినీ అలిసిపోయేలా చేస్తాయి.

వంటగదిలో ఇంకో సంగతి ఉంది, దీన్ని దాదాపు ఎవరూ ముందుగా చెప్పరు. తల గట్టిగా అదిరినప్పుడు ముక్కు పైభాగం నుంచి మెదడుకు వెళ్లే వాసన నరాలు తెగిపోవచ్చు. అన్నం సయించడం లేదని, అన్నీ చప్పగా ఉన్నాయని అతను అంటాడు. అక్క నోరు బాగుండాలని ఆవకాయ వడ్డిస్తుంది. కారం మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే కారం మంటను మోసుకెళ్లే నరం వేరు. మిర్చికి పేరుమోసిన గుంటూరులో ఇది విచిత్రమైన అనుభవమే: ఆవకాయ మంట ఉంటుంది, ఆవకాయ వాసన ఉండదు. రుచి సంగతి అలా ఉంచితే, గ్యాస్ లీకైనా, పప్పు మాడినా అతనికి తెలియదు. కాబట్టి వంటగదిలోకి అసలు రానివ్వకపోవడం ఒక దారి. ఇండక్షన్ పొయ్యి పెట్టి, గ్యాస్ లీకు అలారం కొని, టీ పెట్టడం మళ్లీ నేర్పించడం రెండో దారి. తోబుట్టువు చేయాల్సిన నిర్ణయాలన్నీ ఇలాగే ఉంటాయి.

టీ ఉదాహరణే తీసుకుంటే, నేర్పే పద్ధతిలో ఒక మెలిక ఉంది. మామూలుగా తప్పు చేసి నేర్చుకోనివ్వాలంటారు. కొత్త జ్ఞాపకం నిలవని మనిషి విషయంలో ఇది బెడిసికొడుతుంది. తాను చేసింది తప్పని గుర్తుండదు, చేసిన పని మాత్రం చేతికి అలవాటవుతుంది. చక్కెర బదులు ఉప్పు డబ్బా తీసిన చెయ్యి మళ్లీ దాని మీదకే పోతుంది. జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవారికి తప్పులు లేకుండా నేర్పడమే మేలని బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్యాడ్లీ, విల్సన్ 1994లో ప్రయోగాలతో చూపారు. అంటే మొదట్లో పక్కనే నిలబడి ప్రతి మెట్టూ సరిగ్గా చేయించాలి. తర్వాత ఒక్కో మెట్టు దగ్గరా తప్పుకోవాలి. మొదట మాటతో చెప్పడం, తర్వాత వేలితో చూపడం, తర్వాత గోడ మీద అంటించిన కాగితం, చివరికి ఏమీ లేకపోవడం. తొలి సగం చేయడం అక్కలకు పుట్టుకతో వచ్చినట్టుంటుంది. రెండో సగం దగ్గరే చాలా ఇళ్లు ఆగిపోతాయి. ‘పోనీలే, నేనే పెట్టేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది’ అన్న మాట వినడానికి ఎంత మామూలుగా ఉంటుందో అంత నష్టం చేస్తుంది.

వరసలు కూడా ఈ పనికి అడ్డొస్తాయి. దెబ్బ తగిలింది తమ్ముడికైతే అక్క అజమాయిషీ అతనికి కొత్తేమీ కాదు, కాకపోతే పదేళ్ల వయసు నాటి అజమాయిషీ తిరిగొస్తుంది. దెబ్బ తగిలింది అన్నకైతే చిక్కు ఇంకా ఎక్కువ. నిన్నటిదాకా పెళ్లి చూపుల నుంచి పొలం కౌలు దాకా మాట చెల్లిన మనిషి. అతనికి ‘అన్నయ్యా, మాత్రలు వేసుకున్నావా’ అని తమ్ముడు రోజుకు మూడుసార్లు అడిగితే మాత్రల కన్నా ముందు మర్యాద గుర్తొస్తుంది. ఇలాంటి చోట మనిషి చెప్పడం మానేసి వస్తువు చేత చెప్పించడం మంచిది. ఫోన్ అలారం మోగితే అది తమ్ముడి ఆజ్ఞ కాదు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి గళ్లున్న మాత్రల డబ్బాలో గడి ఖాళీ అయిందో లేదో అన్నయ్యే చూసుకుంటాడు. పెద్దరికం చెక్కుచెదరకుండా ఉండాలంటే అతన్ని నిజంగా సలహా అడగాల్సిన విషయాలు కొన్ని మిగిల్చాలి. పాత జ్ఞాపకం నిలిచి ఉంటుంది కాబట్టి ఊళ్లో పొలం హద్దుల గురించో, చుట్టరికాల గురించో అతని మాటే ఇప్పటికీ ఇంట్లో అందరికన్నా గట్టిది కావచ్చు.

ఊరు కూడా ఈ చికిత్సలో భాగమే. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో వీధులు గళ్లు గీసినట్టుంటాయి. లైన్లకు అంకెలు, అడ్డరోడ్లకు అంకెలు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. దారి గుర్తుండని మనిషికి ఇంతకన్నా అనుకూలమైన పేట దొరకడం కష్టం. రెండు అంకెలు చేతి మీద రాసుకుంటే ఎక్కడున్నా ఇల్లు ఎటో లెక్కగట్టుకోవచ్చు. అదే విజయవాడ వన్‌టౌన్ సందుల్లో అంకెలు పనికిరావు. అక్కడ గుడి, బట్టల కొట్టు, మలుపులో పాలబూత్ లాంటి గుర్తులను వరసగా ఫొటోలు తీసి ఫోనులో పెట్టాలి. బెంజ్ సర్కిల్ లాంటి చోట హారన్లు, ఫ్లైఓవర్ కింద నాలుగు వైపుల నుంచి వచ్చే బళ్లు గాయపడిన మెదడుకు మోయలేని భారం. ఒకేసారి వచ్చే శబ్దాల్లో ఏది వినాలో, ఏది వదిలేయాలో అది ఎంచుకోలేదు. మే నెల ఎండ దీనికి తోడైతే పది గంటలకు చురుగ్గా ఉన్న మనిషి మధ్యాహ్నానికి మాట తడబడతాడు. బయటి పనుల సాధన ఉదయం ఏడు, ఎనిమిది గంటలకు రైతుబజారులో పెట్టుకోవడం అందుకే తెలివైన పని. రెండు వందల రూపాయలు, మూడు కూరల జాబితా, మిగిలిన చిల్లర లెక్క. మొదటిసారి ఒకే కొట్టు, అదీ తెలిసిన మనిషి దగ్గర. అలసట గురించి ఒక హెచ్చరిక: అదంతా గాయం వల్లేనని వదిలేయకూడదు. తలదెబ్బ తర్వాత మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి (పిట్యూటరీ) హార్మోన్లు, రక్తంలో సోడియం తగ్గినా ఇలాగే ఉంటుంది, వాటికి రక్తపరీక్షలు ఉన్నాయి.

తిరిగి పనికి వెళ్లడం గురించి మాట్లాడేటప్పుడు ఫినియస్ గేజ్ కథలోని రెండో సగం చెప్పుకోవాలి. 1848 సెప్టెంబరులో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం పనుల మేస్త్రీగా ఉన్న ఈ పాతికేళ్ల యువకుడి ఎడమ దవడ కింద నుంచి దూసుకెళ్లిన ఇనుప కడ్డీ నడినెత్తిన బయటికొచ్చింది. బతికాడు. మనిషి మాత్రం మారిపోయాడని, ఇతను మునుపటి గేజ్ కాదని స్నేహితులు అన్నారు. వైద్య విద్యార్థులకు చెప్పే కథ సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది. నిజానికి ఆ తర్వాత అతను చిలీ దేశం వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపు బండి నడిపాడు. రోజూ అదే వేళకు లేవడం, గుర్రాలను చూసుకోవడం, అదే దారి, ప్రయాణికులతో అవే మాటలు. బయటి నుంచి వచ్చిన ఆ క్రమమే అతని లోపల పోయిన క్రమానికి బదులుగా నిలిచిందని తర్వాతి పరిశోధకులు కొందరు వాదించారు. ఆరోగ్యం క్షీణించాక అతను శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న తల్లి, చెల్లెలి దగ్గరకు చేరాడు. 1860లో మూర్ఛలతో చనిపోయాడు.

విజయవాడ ఆటోనగర్ షెడ్డులో మెకానిక్‌గా చేసిన మనిషికి ఈ కథ బాగా వర్తిస్తుంది. కొత్త బండి జబ్బు కనిపెట్టడం, కస్టమరుతో బేరం, ఒకేసారి మూడు బళ్లు చూసుకోవడం ఇప్పుడు కష్టం. ఆయిలు మార్చడం, చక్రాలు విప్పి బిగించడం చేతిలో మిగిలే ఉండవచ్చు, ఎందుకంటే చేతి అలవాట్ల జ్ఞాపకం మెదడులో వేరే చోట ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాసే గుమాస్తాకు పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ పనంతా కొత్త అంకెలను కాసేపు గుర్తుంచుకోవడం మీదే నడుస్తుంది. ఉద్యోగం ‘తేలికదా, కష్టమైనదా’ అని అడగడం కన్నా ఆ ఉద్యోగం మెదడులో ఏ భాగాన్ని వాడుతుందో చూడటం ఉపయోగం. పాత యజమానితో తోబుట్టువు ముందుగా మాట్లాడి, రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టించగలిగితే అదే పెద్ద మెట్టు. జీతం సంగతి మూడో నెలలో మాట్లాడవచ్చు.

ఇక బండి తాళం. ఇంట్లో అత్యంత పెద్ద గొడవ దీని మీదే. తలలో రక్తం గడ్డకట్టి ఆపరేషన్ అయిన వారికి ఫిట్స్ వచ్చే ముప్పు మొదటి ఒకటి రెండేళ్లలో ఎక్కువ. బాగానే ఉన్నాను కదా అని మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ఇంకా ఎక్కువ. మద్యం సంగతి చెప్పనక్కర్లేదు, మునుపు తట్టుకున్న మోతాదు ఇప్పుడు తట్టుకోలేరు. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఇచ్చే ఫారం-1లో మూర్ఛ గురించి నేరుగా ప్రశ్న ఉంటుంది. మెదడు వాపు తగ్గడానికి పుర్రె ఎముక ముక్క తీసి పొట్ట చర్మం కింద భద్రపరిచిన వాళ్లకైతే, దాన్ని తిరిగి అమర్చేదాకా తల మీద ఆ చోట చర్మం తప్ప రక్షణ లేదు. ఇక్కడ అక్క మెత్తబడకూడదు. సాయం తగ్గించాలన్న సూత్రానికి ఇది మినహాయింపు. అయితే తాళం దాచిపెట్టి ‘పోయింది’ అని అబద్ధం చెప్పడం వేరు, న్యూరాలజిస్టు చేత అతని ముందే తేదీతో సహా చెప్పించి, ఆ తేదీని క్యాలెండరులో అతని చేతే రాయించడం వేరు. మొదటి పద్ధతిలో ఒకరోజు తాళం దొరుకుతుంది, నమ్మకం పోతుంది.

డబ్బు విషయంలో చాలా కుటుంబాలు అడ్డదారి తొక్కుతాయి. పిన్ నంబరు అక్కకు తెలుసు, ఆమె తీస్తుంది. మరికొందరు పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ముగుస్తుంది. అంటే సరిగ్గా అవసరమైనప్పుడే అది చెల్లదు. కోమాలో ఉన్న మనిషి ఆస్తి, ఖాతాల కోసం సంరక్షకుడిని నియమించమని రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లిన కుటుంబాలున్నాయి. కోలుకుంటున్న మనిషికి సరిపోయేది మరొకటి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 14వ సెక్షన్ ‘పరిమిత సంరక్షకత్వం’ అనే ఏర్పాటు చేసింది. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే, సంరక్షకుడూ ఆ మనిషీ ఇద్దరూ కలిసి, ఆ మనిషి ఇష్టానికి అనుగుణంగా నిర్ణయించాలని అది చెబుతుంది. పొలం అమ్మకానికి అక్క సంతకం అవసరమైనంత మాత్రాన, కొత్త చెప్పులు ఏవి కొనాలో కూడా అక్కే చెప్పాలని లేదు. చట్టం ఇక్కడ చాలా ఇళ్లకన్నా ముందుంది. కోర్టు దాకా వెళ్లని ఇళ్లలో కూడా ఇదే నమూనా పనికొస్తుంది. అతనికి వేరుగా చిన్న ఖాతా, అందులో వారానికి ఇంత అని జమ, ఖర్చు మీద ఆరా ఉండదు. మొదటి వారం మొత్తం ఒక్క రోజులో పోవచ్చు. పోనివ్వాలి.

అదే చట్టం 21 వైకల్యాలను జాబితాలో పెట్టింది. అందులో తలదెబ్బ అనే పేరు లేదు. కాలు, చెయ్యి పడిపోతే చలన వైకల్యం కింద, మాట పోతే వాక్కు, భాషా వైకల్యం కింద ధ్రువపత్రం వస్తుంది. మతిమరుపు, మొదలుపెట్టలేకపోవడం, అదుపులేని కోపం మాత్రం జాబితా సందుల్లోంచి జారిపోయే ప్రమాదం ఉంది. పది నిమిషాల పరీక్షలో అతను మర్యాదగా కూర్చుని అన్నింటికీ జవాబు చెబుతాడు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా ప్రయోజనాలకు అర్హత. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికి పరిమితమైన వారికి 15,000. ధ్రువపత్రం ఇచ్చే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లేముందు క్లినికల్ సైకాలజిస్టు చేత జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు రాతపూర్వకంగా చేయించుకోవడం అవసరం. మానసిక, నాడీ వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట ఈ పరీక్షలతో పాటు వాటికి తగిన శిక్షణ కూడా ఇస్తారు.

ప్రమాద పరిహారం కేసులోనూ ఈ కాగితమే ఆధారం. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతుంది, ఆ నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. శరీరానికి కలిగిన వైకల్య శాతం, సంపాదన శక్తికి కలిగిన నష్టం ఒకటి కావని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో జరిగే నష్టం, గుమాస్తాకు జరిగే నష్టం వేరువేరన్నది ఆ తీర్పులోని ఉదాహరణ. తలదెబ్బ కేసులో ఈ తేడాను నిరూపించేది తరచూ తోబుట్టువు రాసిపెట్టిన నోటుపుస్తకమే. ఏ రోజు ఏం మరిచిపోయాడు, ఏ పని తనంతట తాను చేశాడు, ఎన్ని గంటలకు అలసిపోయాడు. డాక్టరుకు చూపడానికి మొదలుపెట్టిన ఆ పుస్తకమే తర్వాత లాయరుకూ పనికొస్తుంది. ఏ సాయం ఎప్పుడు ఆపవచ్చో అక్కకు చెప్పేది కూడా అదే. ‘ఏమీ మారలేదు’ అనిపించే రోజున ఆరు నెలల కిందటి పేజీ తీస్తే తెలుస్తుంది.

మార్పు వేగం మొదటి ఆరు నెలల్లో ఎక్కువ, తర్వాత మందగిస్తుంది, ఆగిపోదు. ఈ మందగించే దశలోనే తోబుట్టువు అలసిపోతుంది. బతికే ఉన్న మనిషి కోసం ఏడవడం ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. ‘దేవుడి దయవల్ల దక్కాడు, ఇంకా ఏం కావాలి’ అని నోరు మూయిస్తారు. ఆమెకు తన సంసారం, అత్తగారిల్లు, ‘ఎన్నాళ్లు పుట్టింటి చుట్టూ తిరుగుతావు’ అన్న మాట ఉంటాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఆమె తన కోసం కూడా ఫోన్ చేయవచ్చు. అన్నదమ్ముల్లో మిగతావాళ్లు నెలకు డబ్బు పంపి చేతులు దులుపుకోకుండా, వారంలో ఒక రోజు పూర్తిగా తీసుకునేలా మాట్లాడుకోవాలి. అన్ని రోజులూ ఒక్కరే చూస్తే ఆ ఒక్కరి పద్ధతికే అతను అలవాటుపడతాడు, ఆమె లేని రోజు ఇల్లు స్తంభించిపోతుంది.

క్షవరానికి ఒక్కడే వెళ్తానన్న ఆ మొదటి ప్రశ్నకు వస్తే, పంపాలి. మొదటి వారం అక్క పక్కనే నడుస్తుంది, దారి మాత్రం అతనే చెబుతాడు. రెండో వారం పది అడుగుల వెనక. మూడో వారం సందు మలుపులో ఆగిపోతుంది. కొట్టతనికి ముందే చెప్పి, డబ్బు మాత్రం క్షవరానికి వెళ్లే మనిషి చేతికే ఇవ్వాలి. నాలుగో వారం ఆమె ఇంట్లోనే కూర్చుంటుంది, ఫోను ఎదురుగా పెట్టుకుని. గంటన్నర అవుతుంది. వచ్చాక ‘ఇంతసేపు ఏం చేశావు?’ అని అడగాలనిపిస్తుంది. కొట్లో పేపరు చదువుకుంటూ కూర్చుని ఉండవచ్చు, దారిలో ఎవరో కనిపించి టీ తాగించి ఉండవచ్చు. అతను చెప్పాలనుకుంటే చెబుతాడు.